ఇరవయ్యో నంబరు ఆకు

ఐదో నంబరు చుక్క నాలుక మీద పడగానే తాయారు స్టూలు మీంచి లేచి నిలబడింది.

ఆ ఉదయం అప్పటికే నాలుగు చుక్కలు రుచి చూసింది. ఒకటి చెరుకురసం పోలిక, ఒకటి చప్పిడి, మిగతా రెండూ పులుపు. ప్రతి చుక్కకీ మధ్య గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, నాలుగు మరమరాలు నమిలి నోరు శుభ్రం చేసుకునేది. ఐదోది అలా ఊసేసే రుచి కాదు. మొదట తీపి తగల్లేదు. తేనెలో నానిన లేత అల్లం పొర లాంటి సన్నని ఘాటు తగిలింది. అది పోకముందే నీళ్ళకొబ్బరి. మింగాక చాలాసేపటికి గొంతులోంచి మొగలిపువ్వు గాలి పైకొచ్చింది.

తాయారు కిటికీ దగ్గరికెళ్ళి తండ్రిని కేకేసింది. సింహాద్రి బయట తాటాకు పాక కింద మొక్కలకి అంట్లు కడుతున్నాడు. కడియం నర్సరీల్లో నలభై ఏళ్ళకి పైగా అదే పని ఆయనకి. చేతిలో చాకు అలాగే పట్టుకుని వచ్చాడు. కూతురు చిన్న ఉగ్గుగిన్నె అందిస్తే అడుగున మిగిలిన తేమని వేలితో తీసి నాలుకకి రాసుకున్నాడు. గుమ్మంలో కూర్చుండిపోయాడు.

"ఇది మావిడేనా అమ్మాయ్?"

"మామిడే నాన్నా. ఆకు మామిడాకే."

"ఎవరింటిది?"

"రాజమండ్రి దానవాయిపేటలో ఒక హెడ్మాస్టారిది. డాబా మీద డ్రమ్ములో పెంచుతున్నారట. టెంక మొక్క, ఇంకా కాపుకి రాలేదు."

"కాపుకొచ్చాక నన్ను తీసుకెళ్ళు. అప్పటిదాకా బతికుంటాలే," అన్నాడు సింహాద్రి.

తాయారు తయారుచేసిన పెట్టెకి పెట్టిన పేరు ఫలసూచిక. నర్సరీల వాళ్ళు దాన్ని నాలుక పెట్టె అనేశారు. ఆకులో పండు ఉండదు గానీ, ఆ చెట్టు పండుకి ఏ సరుకు ఎంతెంత పడుతుందో ఆ జాబితా ఆకులో ప్రతి కణంలోనూ రాసే ఉంటుంది. పెట్టె ఆ జాబితా చదివి, తన లోపలున్న నూట నలభై సన్నని గొట్టాల్లోంచి అంతంత తీసి కలిపి, నలభై నిమిషాల్లో ఒక చుక్క వదిలేది. ఏడేళ్ళ తర్వాత కాసే పండు రుచి ఈరోజు పొద్దున్నే చెంచాలో దొరికేది. ఇంట్లో ఒక్క చెట్టుకి మాత్రమే చోటున్నవాళ్ళు ఏడేళ్ళు నీళ్ళు పోసి, చివరికి పీచుకాయ చూసి ఏడవకుండా ఉండాలన్నదే ఆమె ఆశ. పట్నాల్లో శిబిరాలు పెడితే జనం కవర్లలో ఆకులు పట్టుకొచ్చి వరుసలో నిలబడేవాళ్ళు. తాయారు ఆ ఆకుల్ని ఇరవై నాలుగు గళ్ళున్న పళ్ళెంలో పేర్చి పెట్టెలోకి తోసేది. చుక్కల్ని తన నాలుకతో చూసి, తన మాటల్లో రిపోర్టు రాసేది. అన్నిటికీ చివర ఒక వాక్యం ఉండేది: ఉంచుకోండి అనో, తీసేయడం మంచిది అనో. జనానికి కావలసింది ఆ వాక్యమే.

ఆ రోజు హెడ్మాస్టారికి రాసిన రిపోర్టు ఒక్కటే పేజీన్నర అయింది.

పదిహేడు రోజుల తర్వాత సామర్లకోట నుంచి ఫోనొచ్చింది.

"పెట్టె మేడంగారేనాండి? నేను పేర్రాజునండి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాను. మా చెట్టు కాయ చప్పగా ఉంటాది, పిల్లలకి జ్యూసు తీయడానికి పనికొత్తాదని రాశారు. చాలా సంతోషమండి."

"చెప్పండి."

"ముప్పయ్యేళ్ళ బట్టీ మేం ఆ కాయతోనే ఆవకాయ పెట్టుకుంటన్నామండి. ముక్క నోట్లో పెడితే మా మేనల్లుడు ఒక కన్ను మూసేత్తాడు, అంత పులుపు."

తాయారుకి నవ్వొచ్చింది. మరుక్షణం ఆగిపోయింది. "కాసే చెట్టు ఆకు ఎందుకిచ్చారండీ?"

"మరి మిమ్మల్ని పరీక్ష చెయ్యద్దాండి?" అన్నాడాయన, ఆనందంగా.

ఫోను పెట్టేసి ఆమె ఆ రోజు పెట్టె తన లోపలి పళ్ళేనికి తీసిన ఫొటో వెతికింది. పళ్ళేనికి ఒక మూల కోసి ఉంటుంది. ఆ మూల ఎప్పుడూ ఎడమచేతి వైపు, ముందుకి ఉండాలి. ఫొటోలో అది కుడివైపు వెనకాల కనిపించింది. పళ్ళెం తోసింది తనే. తిరగేసి తోసింది. ఒకటో నంబరు ఆకు ఇరవై నాలుగోదైంది. రెండోది ఇరవై మూడోదైంది. పేర్రాజు ఆకు ఇరవై మూడు, ఆయనకి వెళ్ళింది రెండో ఆకు రుచి.

ఐదోది అనుకుని తను లేచి నిలబడిన ఆ చుక్క ఇరవయ్యో ఆకుది.

రిజిస్టరు తిప్పింది. ఇరవై: భీమశంకరం, లాకుల వీధి, ధవళేశ్వరం. ఆయనకి పంపిన రిపోర్టు తీసింది. నిజానికి అది హెడ్మాస్టారి డ్రమ్ములోని మొక్కది. తన మాటలే, మూడు ముక్కలు: "పీచు ఎక్కువ, కండ తక్కువ. పులుపు, కిరసనాయిలు వాసన. తీసేయడం మంచిది."

ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. తర్వాత కూర్చుని మిగతా ఇళ్ళన్నిటికీ ఒక్కొక్కరికీ ఫోన్లు చేసి తప్పు ఒప్పుకుంది. ఇద్దరు తిట్టారు. ఒకాయన మొక్క అప్పుడే పీకేశానన్నాడు. ఆయన కోపంగా అనుంటే బాగుండేది, మామూలుగా అన్నాడు. హెడ్మాస్టారికి మాత్రం ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు.

"పద, నేనూ వత్తాను," అన్నాడు సింహాద్రి, చాకూ ప్లాస్టిక్ పట్టీలూ సంచిలో వేసుకుంటూ.

హెడ్మాస్టారు సుందరరామయ్యగారి డాబా మీద మామిడి మొక్క నీలం డ్రమ్ములో, సరిగ్గా నడిమధ్యన, ఎండ నాలుగు వైపుల నుంచీ తగిలేలా ఉంది. డ్రమ్ము చుట్టూ ముగ్గు కూడా వేసుంది. పిట్టగోడ పొడుగునా మాత్రం గుండ్రటి మట్టి మరకలు నాలుగు కనబడ్డాయి.

"అక్కడ సపోటా, జామ, రెండు నిమ్మ ఉండేవమ్మా," అంది ఆయన భార్య శారదాంబ. "దీనికి నీడ పడుతోందని ఈయన అందరికీ పంచేశారు. సపోటా పిందె మీద ఉంది కూడానూ."

తాయారు నిలబడే చెప్పింది. పళ్ళెం సంగతి, మూల సంగతి, అంతా. సుందరరామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అంటే కిరసనాయిలు మాదా?"

"అవునండి."

శారదాంబకి నవ్వాగలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని పిట్టగోడ వైపు తిరిగింది. భర్త ముఖం చూసి నవ్వు మానేసింది.

"వీధి వీధంతా చెప్పాను," అన్నారాయన. "స్కూల్లో పిల్లలకి కూడా చెప్పాను. పోనీ, అది వేరే సంగతి. మీరు ఇది కూడా చెప్పకుండా ఉంటే బాగుండేదమ్మా. ఇంకో నాలుగేళ్ళు ఆశగా నీళ్ళు పోసుకునేవాణ్ణి."

"తప్పు రిపోర్టు ఉంచకూడదు కదండీ."

"ఉంచకూడదు," ఒప్పుకున్నారాయన. మొక్క ఆకు ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని రాస్తూ అడిగారు. "ఇప్పుడు దీన్ని తీసెయ్యమంటారా?"

వేలమందికి అలవోకగా రాసిన జవాబు అది. ఆ డాబా మీద, ముగ్గు మధ్యలో ఉన్న డ్రమ్ము చుట్టూ ఆమె ఒకసారి తిరిగింది. మళ్ళీ వస్తానని చెప్పి మెట్లు దిగింది.

ధవళేశ్వరంలో లాకుల వీధి కాలవ గట్టు పక్కనే ఉంది. భీమశంకరంగారిది పెంకుటిల్లు. గేటు పక్కన కొత్తగా నాలుగు ఇనప స్తంభాలు పాతి, పైన రేకులు వేసి ఉన్నాయి. కింద నేలంతా గుల్లగా తవ్వి ఉంది. మామిడి చెట్టన్నది ఎక్కడా లేదు.

భీమశంకరంగారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనాయన. చెవులు సరిగా వినపడవు, ఫోను తియ్యకపోవడం అందుకే. ఆకు పేరు ఎత్తగానే లోపలికెళ్ళి మడత పెట్టిన కాగితం తెచ్చి చూపించారు. చివరి వాక్యం కింద ఎర్ర పెన్సిల్‌తో గీత ఉంది.

"కారు షెడ్డు ఇటు వెయ్యాలా అటు వెయ్యాలా అని ఆలోచనలో పడ్డానమ్మా. మంచి కాయ అయితే చెట్టు ఉంచి షెడ్డు అవతలకి మారుద్దామనుకున్నా. తీసేయడం మంచిదని మీరే రాశారు. తీసేశాను. పదకొండు రోజులైంది."

తాయారు సంచిలోంచి చిన్న సీసా తీసింది. ఆ చుక్క జాబితా పెట్టెలో భద్రంగా ఉంది. పొద్దున్నే ఇంకో నాలుగు చుక్కలు చేయించి తెచ్చింది. "ఇదండి మీ చెట్టు," అంది, గట్టిగా.

ఆయన చెంచాలో పోసుకుని నోట్లో వేసుకున్నారు. కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచి రేకుల వంక చూశారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేను పట్టుకున్నాను గొడ్డలి," అన్నారు. "కూలీలు రాలేదని నేనే నరికాను."

గేటు వైపు నడుస్తూ అన్నారు. "మాణిక్యానికి చెప్పాలి. ఆ చెట్టు కింద ఇస్త్రీ చేసుకునేది. ఇప్పుడు గట్టు మీద పెట్టుకుంది."

మాణిక్యం బండి కాలవ గట్టు మీద, నాలుగు కర్రలకి కట్టిన నల్ల ప్లాస్టిక్ గుడ్డ కింద ఉంది. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడి ఒకవైపు, పైన ప్లాస్టిక్ సెగ ఇంకోవైపు. నలభై ఏళ్ళుంటాయి ఆమెకి. మెడ చుట్టూ తడిగుడ్డ చుట్టుకుని ఉంది. తాయారు అంతా చెప్పేదాకా ఇస్త్రీ ఆపకుండానే వింది. చొక్కా మడిచి కట్ట మీద పెట్టి అప్పుడు తలెత్తింది.

"టెంక నేనే ఇసిరేనండి అక్కడ. ఎవరో బట్టల మూటతో పాటు పండు పంపారు, తిని పారేశాను. బట్టల మీద నీళ్ళు చిలకరిస్తాం కదండీ, ఆ తడికి మొలిచింది. ఆరేళ్ళండి. నా ఎత్తు దాటాక దాని నీడలోకే బండి జరుపుకున్నాను."

"ఇది దాని పండు రుచి," అంది తాయారు సీసా చూపిస్తూ. "మీరూ చూడండి."

మాణిక్యం సీసా వైపు చూసింది. చెయ్యి చాపలేదు.

"వద్దండి. చెట్టే లేదు కదండీ, రుచెందుకండి?"

తాయారు సీసా మూత పెట్టేసింది.

పక్కనే నిలబడ్డ సింహాద్రి అడిగాడు. "మొదలేం చేశారమ్మా?"

"మూడ్రోజుల కిందట తవ్వేశారండి. రాళ్ళూ రప్పలతో పాటు తెచ్చి అదిగో అక్కడ పోశారు."

"అంటు మొక్క కాదు కదా? టెంకదే కదా?"

"టెంకదేనండి. చెప్పేను కదండీ."

సింహాద్రి అప్పటికే గట్టు దిగుతున్నాడు. తాయారుకి ఒక్క క్షణం పట్టింది తండ్రి ఏమనుకుంటున్నాడో తెలియడానికి. అంటు మొక్కకి మొదలు ఒక చెట్టుది, పై కొమ్మ ఇంకో చెట్టుది. నరికాక మొదలు చిగిరించినా పనికిరాదు. టెంక మొక్క అలా కాదు. వేరు నుంచి చిగురు దాకా అంతా ఒకే చెట్టు. ఆ మొదలులో చారెడు ప్రాణం మిగిలుంటే మొత్తం రుచి అందులో ఉన్నట్టే.

నలుగురూ కుప్ప మీద పడ్డారు. భీమశంకరంగారు పంచె ఎగ్గట్టి ఇటుక ముక్కలు తీసి పక్కన వేశారు. కింద రెండు మొద్దులు బయటపడ్డాయి. ఒకటి వేప. రెండోదాని మీద తుప్పు పట్టిన మేకు చూసి మాణిక్యం, "ఇదేనండి. ఈ మేక్కే చెంబు తగిలించేదాన్ని," అంది.

సింహాద్రి బొటనవేలి గోరుతో బెరడు గీకాడు. గోధుమరంగు. ఇంకాస్త కిందకి గీకాడు. గోధుమరంగే. మొద్దు తిప్పి, మన్ను అంటుకున్న వైపు, వేరు మొదలయ్యే చోట గీకాడు. అరచెయ్యంత మేర పచ్చగా కనబడింది. మొన్న పడ్డ వాన ఆ వైపు కాస్త తడిపినట్టుంది.

"తడిగుడ్డ కావాలి. తొందరగా," అన్నాడు.

మాణిక్యం బండి దగ్గరికి పరుగెత్తి ఒక దుప్పటి తెచ్చింది. కాలవలో ముంచి పిండకుండానే మొద్దుకి చుట్టేసింది.

"ఎవరిదే ఆ దుప్పటి?" అన్నారు భీమశంకరంగారు.

"తమరిదేనండి," అంది మాణిక్యం.

మొద్దుని ఇస్త్రీబండి మీద పెట్టుకుని ఆటో దొరికేదాకా తోసుకొచ్చారు.

కడియంలో, పెట్టె ఉన్న గది వెనక వేపచెట్టు నీడన, ఇసుకా కొబ్బరిపొట్టూ కలిపి నింపిన డ్రమ్ములో మొద్దుని నిలబెట్టారు. తాయారు రోజూ పొద్దున్నే టీ కూడా తాగకుండా అక్కడికి వెళ్ళేది. పది రోజులు. ఇరవై రోజులు. మాణిక్యం ఆదివారాలు బస్సెక్కి వచ్చి, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళ గురించి అడిగినట్టు, "లేచిందాండి?" అని గుమ్మంలోంచే అడిగేది. లేదంటే ఒక చెంబుడు నీళ్ళు తనే పోసి వెళ్ళేది.

ముప్పై ఒకటో రోజున బెరడు చీల్చుకుని చీమ తలకాయంత ఎర్రటి మొటిమ ఒకటి కనబడింది. వారానికి దాని పక్కన ఇంకోటి.

ఈలోగా తాయారు రిపోర్టుల్లోంచి చివరి వాక్యం తీసేసింది. నర్సరీ సంఘం వాళ్ళకి అది నచ్చలేదు. "ఉంచాలా తీసెయ్యాలా చెప్పకపోతే ఈ పెట్టె ఎందుకమ్మా?" అన్నారు. రుచి ఎలా ఉంటుందో చెప్పడానికి అంది. జనం మాత్రం ఫోన్లు చేసి అడుగుతూనే ఉన్నారు. అప్పుడామె వాళ్ళని ఒక ప్రశ్న అడిగేది: "ఆ చెట్టు కింద ఎవరైనా కూర్చుంటారా అండీ?" కొందరు విసుక్కుని పెట్టేసేవారు. కొందరు ఆగి, ఆలోచించి, ఎవరో ఒకరి సంగతి చెప్పడం మొదలుపెట్టేవారు. చెప్పాక కూడా నరికేసినవాళ్ళున్నారు. అది ఆమె చేతిలో లేదు.

కార్తీకం వచ్చేసరికి డ్రమ్ములోని చిగుళ్ళకి ఏడు ఆకులు ముదిరాయి. ఒక మధ్యాహ్నం తాయారు కత్తెర పట్టుకుని దాని ముందు నిలబడింది. తన పొరపాటు ఒక్కటేనా, ఇంకేదైనా ఉందా? ఫొటో చూసి కట్టిన లెక్క సరైనదేనా? దాదాపు ఎండిన మొద్దులో ఆ రుచి చెక్కు చెదరకుండా ఉందా? ఒక్క ఆకు వేస్తే నలభై నిమిషాల్లో తెలిసిపోతుంది.

"ఎన్ని ఆకులున్నాయి దానికి?" అన్నాడు వెనకనుంచి సింహాద్రి.

"ఏడు నాన్నా."

"ఆటితో అది బతకాలా, నీకు జవాబు చెప్పాలా?"

తాయారు కత్తెర తీసుకెళ్ళి సొరుగులో పెట్టేసింది. పదకొండు వేల పైచిలుకు చెట్ల పండ్లు కాయకముందే రుచి చూసిన మనిషి ఆమె. అన్నిటికంటే ఎక్కువగా తెలుసుకోవాలనుకున్న చెట్టు గురించి మాత్రం ఏమీ తెలియకుండా ఉండిపోయింది. మొదట్లో అది పంటి కింద రాయిలా ఉండేది. రానురాను పొద్దున్నే లేవగానే ముందు ఆ డ్రమ్మే గుర్తొచ్చేది. పేజీ తిప్పకుండా ఆపిన కథలా అనిపించేది. తన పెట్టె ఇంతకాలం ఎంతమంది దగ్గర ఈ పేజీ చింపేసిందో అని కూడా అనిపించేది. అలా అని పెట్టె కట్టెయ్యలేదు. హెడ్మాస్టారు మటుకు కిరసనాయిలు మొక్కని అక్కడే ఉంచుకున్నారు. దాని చుట్టూ మళ్ళీ సపోటా, జామా చేర్చారు.

మరుసటి వేసవికి చిగుళ్ళు పెన్సిలంత లావయ్యాయి. సింహాద్రి వాటిని కోసి తొమ్మిది అంట్లు కట్టాడు. మూడు పట్టాయి. కొత్త రకం నమోదు చెయ్యడానికి తాయారు కాగితాలు తెచ్చింది. భీమశంకరంగారూ మాణిక్యమూ ఇద్దరూ వచ్చి కూర్చున్నారు.

"మొక్క ఎవరిదని రాయాలి?" అని అడిగింది తాయారు.

"నా వాకిట్లో మొలిచింది," అన్నారు భీమశంకరంగారు, మొహమాటంగానే.

మాణిక్యం కొంగు చివర వేలికి చుట్టుకుంది. "వాకిలి తమరిదేనండి. నీళ్ళు నావండి."

ఆయనకి సరిగా వినపడలేదేమో అనుకుంది తాయారు. వినపడింది. ఆయన కాగితం తన వైపు తిప్పుకుని గడుల వంక చూశారు.

"ఇందులో రెండు పేర్లు పట్టవా అమ్మా?"

"పడతాయండి."

"అయితే ఆవిడ పేరు ముందు రాయి."

"రకానికి పేరేం పెడదాం?" అంది తాయారు.

"పేరెందుకండి," అంది మాణిక్యం, "పిలిస్తే వత్తాదా?"

ఒక అంటు భీమశంకరంగారు షెడ్డుకి అవతలి వైపు నాటుకున్నారు. ఒకటి కడియంలో ఉంది. మూడోది కాలవ లాకుల దగ్గరి సిబ్బందిని అడిగి మాణిక్యం గట్టు మీద, బండి పక్కనే వేసుకుంది. ముందు కాపుకొచ్చింది అదే. అంటు నాటిన నాలుగో వేసవిలో పదకొండు పిందెలు దిగి, గాలివానకి రాలగా మూడు మిగిలాయి. వైశాఖం వచ్చినా తొక్క పచ్చగానే ఉంది. ఇంకా ముదరలేదనుకుంటూనే రోజులు గడిపారు. ఒకరోజు ఉడతలు ఒక కాయని కొరికితే ఆ చుట్టుపక్కలంతా వాసన కమ్మిందని మాణిక్యం ఫోను చేసింది. పండినా పచ్చగానే ఉండే రకం అది. ఆ సంగతి చుక్కలో లేదు.

తాయారు, సింహాద్రి, భీమశంకరంగారు ప్లాస్టిక్ గుడ్డ నీడలో బట్టల మూటల మీద కూర్చున్నారు. చెట్టు నీడ ఇంకా ఒక మనిషికే సరిపోతుంది. అక్కడ మాణిక్యం కూర్చుంది. సింహాద్రి చాకు కడిగి పండు కోశాడు.

"అదేనా?" అన్నారు భీమశంకరంగారు, ఆత్రం ఆపుకోలేక. చుక్క రుచి చూసినవాళ్ళలో ఆయనకే తొందర ఎక్కువ. "తొందరగా చెప్పమ్మా. అదేనా?"

తాయారు నోట్లో ముక్క పెట్టుకుంది. తొక్క పక్కనున్న కండలో అల్లం ఘాటు లేదు. ఉత్త కొబ్బరి, చల్లగా. లోపలికి కొరికింది. అక్కడ తీపి, దాని వెనక సన్నగా ఘాటు. టెంక దగ్గరకొచ్చేసరికి మొగలి వాసన ముక్కుల్లోకి కొట్టింది. పెట్టె ఈ మూడింటినీ ఒకే చుక్కలో కలిపేసింది. ఏది ముందో, ఏది వెనకో, ఒకదాంట్లోంచి ఒకటి ఎలా వస్తుందో చెప్పలేదు. చెప్పగలదని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చిన్నపిల్లలా ఇంకో ముక్కకి చెయ్యి చాపింది.

"అదే," అంది. "అదే గానీ..."

సింహాద్రి టెంక తీసి మాణిక్యం చేతిలో పెట్టాడు. ఆమె చీకడం మొదలుపెట్టింది. రసం మణికట్టు దాటి మోచేతి దాకా కారింది. తుడుచుకోలేదు. ముగ్గురూ ఆమె ముఖం చూస్తూ కూర్చున్నారు. చివరికి తాయారే అడిగింది.

"ఎలా ఉందండీ?"

మాణిక్యం కళ్ళు తెరవకుండానే ఎడమచెయ్యి ఎత్తి ఆగమంది.

"ఉండండమ్మా. ఇంకా మారతాంది."